బుగులు



స్టూడియోలోకి వచ్చే ముందు నా కాగితాలకున్న గుండుపిన్ను తీసేయమన్నారు. పేజీ తిప్పితే ఆ చప్పుడు మైకులో పడుతుందట. చదివిన కాగితాన్ని మెల్లగా పక్కకు జరపాలి తప్ప తిప్పకూడదు. సరేనని తీసేశాను. తీరా కూర్చున్నాక ఇంకో సంగతి తెలిసింది. పట్టుకున్న చెయ్యి వణికితే కాగితం దానంతటదే చప్పుడు చేస్తుంది. గుళ్ళల్లో, నాటకాల పందిళ్ళల్లో, పెళ్ళిళ్ళల్లో పాడబట్టి యాభై ఏళ్ళకు దగ్గర పడుతోంది, అయినా నాకిది పోలేదు. అందుకని కాగితాలు బల్ల మీదే పెట్టి చదువుతున్నాను. ఈ పూట చెప్పబోయేది కూడా ఆ వణుకు సంగతే.

దీనికి పెద్దలు ‘సభాకంపం’ అని పేరు పెట్టారు. కంపమంటే వణుకు. సభలో కూర్చున్నవాడు వేదిక మీది మనిషిని చూసి పెట్టిన పేరులా ఉంటుందది. మా పాలమూరు వైపు వేరే మాట ఉంది, బుగులు. ‘మైకు చూడంగనే బుగులు పుట్టింది’ అంటారు. వణికేది బయటివాళ్ళకు కనిపిస్తుంది, బుగులు పుట్టేది పాడేవాడి కడుపులో. నాకు ఈ రెండో మాటే నచ్చుతుంది, ఎందుకంటే నేనెప్పుడూ వేదిక మీది మనిషినే.

మాది ఆలంపూర్ దగ్గర ఒక పల్లె. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఏడో శతాబ్దంలో మొదలైన కట్టడాలవి. నేను చెప్పబోయేది నా పదమూడో ఏటి మాట. అప్పటికి జోగులాంబ అమ్మవారికి ఇప్పుడున్న గుడి లేదు. అది 2005లో వచ్చింది. అంతకుముందు అమ్మవారు బాలబ్రహ్మేశ్వరుడి గుడిలోనే పూజలందుకునేది. దసరా నవరాత్రుల్లో ఒక సాయంత్రం నాతో అక్కడ పాట పాడించాలని మా నాయిన పట్టుబట్టాడు. నెల రోజులు సాధన చేశాను. పశువుల దగ్గర పాడాను, బావి గట్టున పాడాను, ఎక్కడా ఒక్క అక్షరం పోలేదు.

ఆ రోజు ఉదయం నుంచి ఉపవాసం. భక్తి కన్నా భయమే ఎక్కువ, అన్నం సహించలేదు. వేదికంటే నాలుగు చెక్క బల్లలు కలిపి పైన జంపఖానా పరిచింది. మైకు నా ఎత్తుకు దించారు. ఎదురుగా మా బడి పంతులు, మా మేనమామలు, సంతలో కనపడే ముఖాలు. పల్లవి బాగానే ఎత్తుకున్నాను. అనుపల్లవి దాటింది. చరణం దగ్గరికొచ్చేసరికి నోట్లో నాలుక చెక్కలా అయింది. మాట రాలేదు. అసలు అక్కడ ఒక మాట ఉండాలన్న సంగతే నా బుర్రలోంచి పోయింది. మా పంతులు ముఖమొక్కటే కనిపిస్తోంది.

హార్మోనియం మీద ఉన్నాయన మా చుట్టుపక్కల ఊళ్ళ పద్యనాటకాలకు వాయించే పెద్దమనిషి. ఆయన ఆగలేదు. పల్లవి ముక్కనే వాయిస్తూ పోయాడు, ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. తబలా ఆయన కూడా అందుకున్నాడు. జనానికి అదేదో అలంకారం అనిపించి ఉంటుంది. నాలుగోసారికి నాకు చరణం దొరికింది. పాట అయిపోయింది, చప్పట్లు కూడా పడ్డాయి. దిగినంక ఆయన నన్ను పక్కకు పిలిచి చెవి మెలేశాడు. ‘మర్చిపోయినందుకు కాదురా, నా దిక్కు చూడనందుకు’ అన్నాడు. ‘పక్కన ఇంత పెద్ద డబ్బా పెట్టుకొని కూసున్న. నువ్వేమో పంతులు దిక్కు చూస్తివి. ఆయనేమన్న పాడతడా?’

ఇన్నేళ్ళలో సభాకంపం మీద నేను విన్నవాటిలో, చదివినవాటిలో ఇంతకన్నా పనికొచ్చిన మాట ఇంకొకటి లేదు. మిగతాదంతా దానికి వ్యాఖ్యానమే అనుకోండి.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. పులి ఎదురైతే పరుగెత్తడానికో తిరగబడడానికో శరీరం సిద్ధమవుతుంది. అడ్రినలిన్ అనే రసం రక్తంలో కలుస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, నెత్తురు కాళ్ళూ చేతుల కండరాలకు పరుగెడుతుంది, నోట్లో ఉమ్మి తగ్గుతుంది. ఎదురుగా ఉన్నది పులి కాదు, మేనమామ అన్న విచక్షణ ఆ రసానికి లేదు. వీణ వాయించే వాళ్ళకు వేళ్ళు వణుకుతాయి, అదీ కష్టమే. గాయకుడికి మాత్రం వణికేది వాద్యమే, ఎందుకంటే అతని వాద్యం ఒంట్లోనే ఉంది. ఊపిరి పొట్టలోకి దిగకుండా పైపైన ఎదలోనే ఆడుతుంది. స్వరపేటిక చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి. బిగుసుకున్న గొంతు శ్రుతికి కాస్త పైన పలుకుతుంది. కాలం కూడా ఉరుకుతుంది, విలంబంలో పాడాల్సిన పాట మధ్యమకాలంలోకి పోతుంది. పాడేవాడికి మాత్రం తాను సరిగానే పాడుతున్నట్టుంటుంది. మరునాడు రికార్డు వింటే గాని తెలియదు.

చిన్నపిల్లలకు ఇదంత ఉండదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ఎనిమిదేళ్ళ వయసులోనే విజయవాడలో, గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు నడిపే ఆరాధనోత్సవంలో కచేరీ చేశారు. మురళీకృష్ణ పేరుకు ముందు ‘బాల’ చేరింది ఆ రోజుల్లోనే. అంతటి ప్రతిభ అందరికీ రాదు గాని, ఆ ధైర్యం మన ఇళ్ళల్లో పిల్లలకూ ఉంటుంది. ఆరేళ్ళ పిల్లను నిలబెట్టి పాడమంటే పాడుతుంది, మరిచిపోతే నవ్వి దిగిపోతుంది. అదే పిల్ల పన్నెండో ఏట తలుపు చాటుకు పోతుంది. తప్పు ఎక్కడ జరగొచ్చో తెలిసిన రోజు నుంచీ బుగులు మొదలవుతుంది. కాబట్టి భయమేస్తోందంటే సంగీతం కొంత వంటబట్టిందనే అర్థం. ఈ మాట పిల్లలకు చెప్పే తల్లిదండ్రులు నాకు తక్కువగా కనిపించారు. ‘ఏం సిగ్గురా నీకు’ అనేవాళ్ళే ఎక్కువ.

ఘంటసాల గారి చిన్ననాటి కథ ఒకటి అందరికీ తెలిసిందే. తండ్రి భుజాల మీద, భజనల్లో తరంగాలకు అడుగులేస్తూ పెరిగిన పిల్లవాడు. ఒకసారి పక్క ఊరి ఉత్సవాల్లో విద్వాంసులతో పోటీపడబోయి ఓడిపోయాడు, జనం నవ్వారు. ఆ నవ్వు ఆయన్ని విజయనగరం దాకా నడిపించింది. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర చేరి, మధూకరం ఎత్తుకొని తింటూ సంగీతం నేర్చుకున్నాడు. ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెబుతుంటారు. నాకు మాత్రం వింటున్నప్పుడల్లా ఇంకో ఆలోచన వస్తుంది. అలాంటి నవ్వుకే పాట మానేసిన పిల్లలు ఎంతమందో? వాళ్ళ కథలు ఎవరూ రాయలేదు.

పెద్దవాళ్ళయినంత మాత్రాన ఇది వదలదు. 1967లో అమెరికా గాయని బార్‌బ్రా స్ట్రైసాండ్ న్యూయార్కు సెంట్రల్ పార్కులో లక్షమందికి పైగా జనం ముందు పాడుతూ పాట మాటలు మరిచిపోయింది. ఆ దెబ్బతో ఏళ్ళ తరబడి టిక్కెట్టు కచేరీలకు దూరంగా ఉండిపోయింది. మళ్ళీ 1994లో పెద్ద యాత్రగా బయలుదేరినప్పుడు పాటల మాటలు కనిపించే తెరను ఎదురుగా పెట్టించుకుంది. మన సభల్లో గాయకుడి ముందు పుస్తకం కనిపిస్తే పెదవి విరిచేవాళ్ళున్నారు. విరవనీయండి. మరిచిపోతానేమోనన్న దిగులుతో సగం గొంతుతో పాడడం కన్నా పుస్తకం చూసి నిండుగా పాడడమే మేలు.

ఇక మా హార్మోనియం పెద్దమనిషి మాటకొస్తాను. నా దిక్కు చూడు అన్నాడాయన. మన పల్లె పాటల్ని ఒక్కసారి తలచుకోండి. ఒంటరిగా నిలబడి పాడేది ఎంత? బుర్రకథకు వంతలు ఇద్దరుంటారు. కథకుడు ఊపిరి పీల్చుకునేలోపు వాళ్ళు అందుకుంటారు. ఒగ్గుకథకైనా, చిందు భాగవతానికైనా వెనక మేళముంది. చిరుతల రామాయణంలో పాడేవాళ్ళు గుండ్రంగా తిరుగుతారు, ముఖాలు ఒకరికొకరు ఎదురెదురు. పద్యనాటకంలో తెర లేవకముందే పాత్రధారులంతా కలిసి ప్రార్థన పాడతారు. దేవుడి కోసమే కావచ్చు. కాని తెర లేచేసరికి అందరి గొంతులూ తెరుచుకొని ఉంటాయి, ఎవరి పద్యం వాళ్ళు మొట్టమొదటి ధ్వనిగా పలకాల్సిన పని తప్పుతుంది. ఆలంపూర్‌లో గుళ్ళకు దగ్గరలోనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. ఏ దర్గా ఉర్సులోనైనా ఖవ్వాలీ వినండి, ఒకడు ఎత్తుకుంటే వెనక కూర్చున్న వరుస చప్పట్లతో ఆ మాటను మోస్తుంది. భయం అక్కడా ఉంటుంది. కాకపోతే ఒక్కడి నెత్తిమీద పడదు, పదిమందికి పంచుతారు.

స్వర్గబ్రహ్మ గుడి గోడల మీద గాల్లో తేలిపోతున్న గంధర్వుల్ని చూశారా? వాళ్ళూ జంటలుగానే కనిపిస్తారు. శిల్పశాస్త్రం తెలిసినవాళ్ళు కారణం వేరే చెబుతారేమో గాని, పాటకు పేరుపడ్డ జాతి కూడా ఒంటరిగా బయలుదేరలేదని నేను చెప్పుకుంటాను.

ఇంకొకటి కూడా గమనించాను. కదిలే గాయకుడికి భయం తక్కువ. హరిదాసు కాలికి గజ్జె ఉంటుంది, చేతిలో చిరతలు ఉంటాయి. ఆదిభట్ల నారాయణదాసు గారి నుంచి ఇప్పటి దాకా హరికథకుడు నిలబడి ఆడుతూనే పాడతాడు. మా నాగర్‌కర్నూల్ వైపు గౌరారం నుంచి వచ్చిన గోరటి వెంకన్న గారు పాడేటప్పుడు చూడండి, ఒళ్ళంతా పాటలో ఊగుతుంది. అడ్రినలిన్ పరుగెత్తమంటుంది కదా, కాలు కదిపితే ఆ వేడి కొంత ఖర్చవుతుంది. కచేరీ గాయకుడు బాసింపట్టు వేసుకొని కూర్చుంటాడు, పోవడానికి దారి లేదు. చేతితో వేసే తాళమొక్కటే దిక్కు. అందుకే తాళం గట్టిగా వేయండి, సిగ్గుపడకండి. పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకొని పండుగ సాయన్న కథ పాడే దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ కిన్నెరను ఆయన ఎదకు ఆనించుకొని పాడతారు. చేతిలో పనుంటే మనసు దాని వెంట పోతుంది. ఉత్త చేతులతో మైకు ముందు నిలబడ్డ బడి పిల్లవాడికి ఆ ఆసరా లేదు. అతను నిక్కరు అంచు పట్టుకొని నలపడం చూసి నవ్వుతుంటాం.

మైకు ముందు ఒంటరితనం రేడియోలో ఇంకా ఎక్కువ. పాతికేళ్ళ వయసులో ఒక రేడియో కేంద్రానికి లలితసంగీతం ఆడిషన్‌కు వెళ్ళాను. ఆకాశవాణిలో ఈ వడపోత బి.వి. కేస్కర్ మంత్రిగా ఉన్న 1950లలో గట్టిపడింది. అప్పటికే పేరున్న విద్వాంసులు కూడా మాకు పరీక్షలేమిటని అలిగారు. నాకు అలిగేంత పేరు లేదు, వెళ్ళి కూర్చున్నాను. ఎదురుగా జనం ఉండరు కదా, భయమేముంది అనుకున్నాను. గోడలకు మెత్తలు తాపడం చేసిన గది. పాడిన పాట గోడలకు తగిలి తిరిగి రాదు. ఆలంపూర్ రాతి మండపంలో పాడితే మన గొంతు మనకే పెద్దగా వినిపించి ధైర్యమొస్తుంది. ఇక్కడ నోట్లోంచి వచ్చింది వచ్చినట్టే మాయమైంది. ఎర్ర బల్బు వెలిగింది. వినేదెవరో కనపడరు, నవ్వుతున్నారో తల అడ్డంగా ఊపుతున్నారో తెలియదు. పంతులు ముఖం కూడా లేదు. ఆ ఏడు నేను తప్పాను. రెండోసారి వెళ్ళినప్పుడు తంబూరా పక్కకు జరిగి కూర్చున్నాను, చెవి దానికే అప్పజెప్పాను. బి గ్రేడు వచ్చింది. అంతకు మించి రాలేదు, అది వేరే సంగతి.

శాస్త్రజ్ఞులు ఈ వణుకు మీద చాలా ప్రయోగాలు చేశారు. 1977లో లండన్ డాక్టర్లు గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందును తీగవాద్యాలు వాయించేవాళ్ళకు ఇచ్చి చూశారు. వణుకు తగ్గింది, వాయింపు మెరుగుపడింది. ఆ ఫలితం లాన్సెట్ పత్రికలో అచ్చయింది. అప్పటి నుంచి పడమటి దేశాల్లో కచేరీకి ముందు ఆ మాత్ర వేసుకునేవాళ్ళు ఉన్నారు. మన దగ్గరా మొదలైంది. ఆ మాత్ర ఉబ్బసం ఉన్నవాళ్ళకు ప్రమాదం. డాక్టరు రాయకుండా ముట్టవద్దు. నాటకాల వాళ్ళు కొందరు వేసుకునే చుక్క సంగతి చెప్పనే అక్కర్లేదు. భయం పోయిందనిపిస్తుంది, పోయేది శ్రుతి జ్ఞానం.

నాకు నచ్చిన ప్రయోగం ఇంకొకటుంది. 2014లో అమెరికాలో అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే ఆవిడ కొందరి చేత పరాయివాళ్ళ ముందు పాట పాడించింది. పాడే ముందు కొందరిని ‘నాకు ఆందోళనగా ఉంది’ అనమంది, ఇంకొందరిని ‘నాకు హుషారుగా ఉంది’ అనమంది. శ్రుతీ లయా మిషను కొలిచింది. హుషారుగా ఉందన్నవాళ్ళే బాగా పాడారు. గుండె మాత్రం రెండు జట్లకూ అదే వేగంతో కొట్టుకుందట. అంటే హుషారన్నవాళ్ళకు కూడా దడ తగ్గలేదు, దాన్ని పిలిచే పేరొక్కటే మారింది. నిజానికి బతుకమ్మ ఆటకు పోయే ముందు ఆడపిల్లలకు కలిగే దడ కూడా ఇలాంటిదే కదా. దాన్నెవరూ బుగులు అనరు.

నా దగ్గర పాట నేర్చుకునే పిల్లలకు నేను చెప్పేవి పెద్ద రహస్యాలేం కాదు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఒకసారి వేదిక ఎక్కి కూర్చొని రమ్మంటాను. కూర్చున్న చోటు కొత్తది కాకపోతే సగం దిగులు తగ్గుతుంది. మొదటి పాట తమకు బాగా పట్టుబడింది ఎంచుకోమంటాను. కర్ణాటక కచేరీని వర్ణంతో మొదలుపెట్టే పద్ధతిని ఇప్పటి రూపంలో నిలబెట్టింది అరియకుడి రామానుజ అయ్యంగారు. వర్ణం గొంతును వేడెక్కిస్తుందంటారు. అది పాడుతున్నంతసేపూ గుండె కూడా సర్దుకుంటుందని నా అనుభవం. ఎత్తుగడ మాత్రం నిద్రలో లేపి అడిగినా రావాలి. మొదటి రెండు పంక్తులు దాటితే పాట తనే లాక్కుపోతుంది.

నవరాత్రుల్లో పాడేవాళ్ళు ఉపవాసం పేరుతో కడుపు మాడ్చుకోవద్దు. రెండు అరటిపండ్లో గ్లాసు పాలో తీసుకుంటే అమ్మవారు కోప్పడదు. చల్లనీళ్ళు వద్దు, గోరువెచ్చనివి గుక్కెడు గుక్కెడు తాగాలి. దవడన చిన్న కలకండ పలుకో అతిమధురం ముక్కో ఉంచుకుంటే నోరు ఎండదు, వేదిక ఎక్కే ముందు మాత్రం తీసేయాలి. ఊపిరి పీల్చడం మీద కాదు, వదలడం మీద మనసు పెట్టమంటాను. నాలుగు లెక్కపెట్టి పీలిస్తే ఎనిమిది లెక్కపెట్టి వదలాలి. ఇక కూర్చున్నాక జనం వైపు చూడక ముందు హార్మోనియం వైపు చూడాలి. ఇది నేను చెప్పే చివరి మాట, మా హార్మోనియం పెద్దమనిషి చెవి మెలేసి చెప్పిన మొదటి మాట.

అయినా గొంతు వణికిందనుకోండి, ఏమవుతుంది? 1953లో ఆలంపూర్‌లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు జరిగాయి. ఆ ఊరి పండితులు గడియారం రామకృష్ణశర్మ గారు వాటి వెనక ఉన్నారు. శ్రీశ్రీ వచ్చారు. కాళోజీ ‘నా గొడవ’ను ఆవిష్కరించింది ఆ సభల్లోనే, శ్రీశ్రీ చేతుల మీదుగా. కాళోజీ వేదిక మీద మాట్లాడుతూ, చదువుతూ కన్నీళ్ళు పెట్టుకునేవారని ఆయన్ని ఎరిగినవాళ్ళందరికీ తెలుసు. గొంతు పూడుకుపోయేది, మాట ఆగేది. ఆయన సభలో తడబడ్డారని ఎవరూ అనలేదు. ఆ ఆగిన చోటే జనం కూడా కళ్ళు తుడుచుకున్నారు. పాటకు శ్రుతి కావాలి కాబట్టి గాయకుడికి అంత వెసులుబాటు ఉండదనుకోండి. కొంతైనా ఉండాలి, ఆ కొంత ఇవ్వాల్సింది వినేవాళ్ళే. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’లో చేసింది అదే. తప్పు చెప్పే ముందు పిల్లను నవ్వించేవారు, ఆ పాట పుట్టిన కథ చెప్పేవారు. ఈలోపు ఆ పిల్ల ఊపిరి కుదుటపడేది.

అందుకని ఈ దసరాకు ఆలంపూర్ వచ్చేవాళ్ళకు, ఏ ఊళ్ళోనైనా పందిట్లో ముందు వరుసలో కూర్చునేవాళ్ళకు ఒక మనవి. పిల్లలు పాడుతుంటే ఫోను వాళ్ళ ముఖం మీదికి ఎత్తకండి, దింపి ఒళ్ళో పెట్టుకోండి. పాట మధ్యలో ఆగిపోతే ఊరడించడానికని చప్పట్లు కొట్టకండి, ఇక దిగిపొమ్మన్నట్టు వినిపిస్తుంది. ఆ పాట మీకు వస్తే, మరిచిపోయిన ముక్కను కూర్చున్న చోటి నుంచే అందివ్వండి. మీ శ్రుతి కుదరకపోయినా ఫర్వాలేదు, మిగతాది హార్మోనియం చూసుకుంటుంది.